అరుగు రాసుకున్న అర్జీ

హైదరాబాద్ నగర పోలీస్ కమిషనర్ గారి సముఖానికి,

పాతబస్తీలో గుమ్మం పక్కనే పుట్టి, గుమ్మం పక్కనే అరిగిపోతున్న అరుగు నమస్కరించి రాసుకునే బహిరంగ లేఖ. శాలిబండ, గౌలిపురా తెలుగిళ్ళలో నన్ను అరుగంటారు. తలాబ్‌కట్ట, యాకుత్‌పురా గల్లీల్లో చబుత్రా అంటారు. 2015 దాకా నా మీద ఏ కేసూ లేదు. ఆ ఏడు మీ దక్షిణ మండలం వారు ‘మిషన్ చబుత్రా’ అని పేరుపెట్టి, అర్ధరాత్రి నా మీద కూర్చుని కబుర్లాడుకుంటున్న కుర్రాళ్ళను బండెక్కించడం మొదలుపెట్టారు. వాళ్ళ అమ్మానాన్నలను పిలిపించి, అందరినీ వరసగా కూర్చోబెట్టి, ‘చదువుకోండి, బాగుపడండి’ అని కౌన్సెలింగ్ ఇచ్చి పంపారు. ఆ మిషన్ ఆగుతూ, మళ్ళీ మొదలవుతూ ఉంది. కుర్రాళ్ళు వెళ్ళిపోతారు, నేను కదల్లేను. అందుకే ఈ ఉత్తరం.

అబద్ధమాడను సాబ్. రాత్రిపూట బైకుల మీద చేసే వీరంగం, చిన్న మాటకు కత్తి తీసే రోషం నేనూ చూస్తున్నాను. కొడుకును ఇంటికి చేర్చినందుకు మీకు దండం పెట్టిన తల్లులూ ఉన్నారు. నా ప్రశ్న ఒక్కటే: చదువు విషయంలో మీరు కౌన్సెలింగ్ ఇస్తున్నది ఎవరికి?

ఈ మాట అడిగే హక్కు నాకుంది. మా అరుగుల వంశం ఒకప్పుడు బడి నడిపింది. పంతులుగారు అరుగు మీద కూర్చుంటే పిల్లలు ఇసుకలో వేలితో ఓనమాలు దిద్దేవారు, పెద్ద పిల్లలు చిన్నవాళ్ళకు ఎక్కాలు చెప్పేవారు. బళ్ళారి కలెక్టర్ క్యాంప్‌బెల్, తెలుగుకు వ్యాకరణం రాసిన దొరే, 1823లో తన జిల్లాలో 533 బడులున్నాయని మద్రాసుకు రాశాడు. అవి ఎందుకు చితికిపోతున్నాయో కూడా రాశాడు: జనం పేదవాళ్ళయిపోయారు, పిల్లాడికి చేతులు పనికొచ్చే వయసు రాగానే కూలికి పంపుతున్నారు అని. రెండు వందల ఏళ్ళ కిందటి ఆ నివేదిక మీద బళ్ళారి కొట్టేసి భవానీనగర్ అని రాసుకున్నా చెల్లుతుంది.

భవానీనగర్ సంగతి మీకు చెప్పనక్కర్లేదు. 2015 జనవరిలో అక్కడి గాజుల కార్ఖానాల నుంచి 200 మందికి పైగా పిల్లలను విడిపించింది మీ దక్షిణ మండలం వారే. ఎక్కువమంది బీహార్ నుంచి వచ్చినవాళ్ళు. గాలి ఆడని గది, కుంపటి మీద కరిగే లక్క, చెమ్కీ రాళ్ళు ఒక్కొక్కటే అతికించే చిన్న వేళ్ళు. ఆ పిల్లలను పట్టుకెళ్ళినప్పుడు మీరు వాళ్ళను తిట్టలేదు, పనిలో పెట్టినవాడిని అరెస్టు చేశారు. న్యాయం అంటే అదే. మరి నా మీద కూర్చున్నవాడి దగ్గరికొచ్చేసరికి తప్పంతా వాడిదెలా అయింది?

పాతబస్తీకి చదువంటే గిట్టదు అనే మాట వినీ వినీ నా రాయి అరిగింది. జేమ్స్ టూలీ అనే ఇంగ్లండ్ ప్రొఫెసర్ 2000లో చార్మినార్ వెనక గల్లీల్లోకి వచ్చి చూస్తే, ఇంటి పైన బడి, కొట్టు పైన బడి. తర్వాత ఆయన బృందం చార్మినార్, బహదూర్‌పురా, బండ్లగూడ మండలాల్లో 918 బడులు లెక్కపెట్టింది. అక్కడి పిల్లల్లో దాదాపు 65 శాతం ఎయిడ్ లేని ప్రైవేటు బడుల్లోనే ఉన్నారని తేలింది. ఫీజు కట్టేది ఆటో తోలేవాళ్ళు, తోపుడు బండివాళ్ళు. సర్కారు బడి ఉచితమని తెలిసి కూడా కడుపు కట్టుకుని కట్టారు. ఎందుకంటే మా సర్కారు బడి చాలాచోట్ల అద్దె ఇంట్లో ఉంటుంది, ఒకే కప్పు కింద రెండు మూడు బడులుంటాయి.

టీచర్ల కథ ఇంకా విచిత్రం. 1918లోనే ఉర్దూ మీడియం యూనివర్సిటీని పెట్టుకున్న ఊరిది. ఇప్పుడు ఉర్దూ మీడియం ప్రాథమిక బడికి టీచర్ కరువు. డీఎస్సీలో ఆ పోస్టులు కొన్ని రిజర్వుడు కోటాలోకి వెళ్తాయి, ఆ కోటాలో ఉర్దూ మీడియం అభ్యర్థి దొరకడు, పోస్టు అలాగే ఉండిపోతుంది. దీనికి దారి వెతకాల్సినవాళ్ళు ఏళ్ళ తరబడి ఫైలు మీద ఫైలు పేరుస్తున్నారు. పిల్లాడేమో ఐదో తరగతి దాటినా చదవడం రాక, తొమ్మిదిలో మానేస్తాడు.

చట్టానికీ అక్కడితో పని తీరిపోతుంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ వాళ్ళకే. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం 14 దాటినవాడిని ప్రమాదకరమైన పనుల్లో తప్ప ఎక్కడైనా పెట్టుకోవచ్చంటుంది. పద్నాలుగు నిండినవాడు బడికి అక్కర్లేదు, చట్టానికి అక్కర్లేదు. వాడికి ఖాళీగా దొరికింది నేనొక్కదాన్నే.

నిన్న రాత్రి నా మీద కూర్చున్న ముగ్గురి సంగతి వినండి. ఒకడు పదో తరగతి తప్పి వెల్డింగ్ షాపులో ఉన్నాడు, కళ్ళు మంటలని నీళ్ళు కొట్టుకుంటున్నాడు. రెండోవాడు బీటెక్ పాసయ్యాడు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి రాలేదని కాలేజీ వాడి సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకుంది, వాడు రాత్రిళ్ళు బిర్యానీ పార్సిళ్ళు మోస్తున్నాడు. మూడోవాడికి ఏ సమస్యా లేదు. ఇంట్లో ఒకటే గది, అన్నావదినలు పడుకున్నారు, వాడు నిద్రొచ్చేదాకా బయట ఉన్నాడు. ఈ ముగ్గురిలో ‘చదువుకో’ అని ఎవరికి చెబుతారు సాబ్?

ఆడపిల్లలు నా మీద కూర్చోరు కాబట్టి మీ మిషన్‌లో లేరు. వాళ్ళు హుస్సేనీ ఆలం మహిళా కాలేజీ దాకా వెళ్ళి చక్కగా చదువుతున్నారు కూడా. కానీ బడి మానిన పిల్లకు ఏం రాసిపెట్టి ఉంటుందో 2017 సెప్టెంబర్‌లో మీరే చూశారు: ఒమన్, ఖతర్ నుంచి పెళ్ళికని దిగిన ముసలి వరులను, దళారులను, ఖాజీలను పట్టుకున్నది మీవాళ్ళే.

చదువుకున్న కుర్రాడికి ఏం మిగులుతుందన్న ప్రశ్న కూడా కొత్తది కాదు. మూసీ ఒడ్డున 1921 నాటి సిటీ కాలేజీ భవనం ఉంది, కవి మఖ్దూం మొహియుద్దీన్ పాఠాలు చెప్పిన చోటు. 1952 సెప్టెంబర్‌లో ఉద్యోగాలు స్థానికులకే కావాలంటూ ముల్కీ ఉద్యమంలో విద్యార్థులు రోడ్డెక్కితే అక్కడే కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. చదువు తర్వాత ఏమిటి అని అడిగితే అప్పుడూ పోలీసులనే పంపారు.

కాబట్టి తమరికి మూడు విన్నపాలు. ఈసారి కుర్రాడిని బండెక్కించే ముందు పేరుతో పాటు ఏ తరగతిలో మానేశాడో, ఎందుకు మానేశాడో రిజిస్టర్‌లో రాయించండి. పగలు పది గంటలకు ఒక్కసారి మిషన్ నడిపి, ఖాళీగా కూర్చున్న టీచర్ పోస్టులను, అద్దె గదుల్లో నక్కిన బడులను, బీరువాల్లో దాక్కున్న సర్టిఫికెట్లను కూడా పట్టుకోండి. బస్తీకొక గదిలో రాత్రి పదకొండు దాకా లైటు వెలిగే రీడింగ్ రూమ్ పెట్టమని పైవాళ్ళకు సిఫారసు చేయండి, నా మీద జనం వాళ్ళంతట వాళ్ళే తగ్గుతారు.

రిజిస్టర్ నిండాక దాన్ని ఠాణాలో ఉంచుకోవద్దు. నేరుగా సచివాలయానికి పంపి, విద్యాశాఖ అధికారులను ఫంక్షన్ హాలుకు పిలిపించి వరసగా కూర్చోబెట్టండి. ముందు వాళ్ళకు కౌన్సెలింగ్ ఇవ్వండి. మా పోరగాళ్ళ వంతు తర్వాత.

ఇట్లు,
తమ విధేయ,
పాతబస్తీ అరుగు