పానిక్ మహావాక్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

పెన్‌డ్రైవ్ మీద డెబియన్ ప్రతిష్ఠించుకుని, ఏ కంప్యూటరు దొరికితే దానికి గుచ్చి సంసారం నడుపుకునే గృహస్థు ఒకడు రాత్రిపూట కొత్త కెర్నెల్ వేసుకుని పడుకున్నాడు. తెల్లారి స్విచ్చి నొక్కగానే తెర మీద అక్షరాలు జలజలా పరుగెత్తి ఒకచోట బిగుసుకుపోయాయి. క్యాప్స్‌లాక్ దీపం దానంతటదే ఆరుతూ వెలుగుతూ ఉంది. ఏ కీ నొక్కినా పలుకు లేదు. అప్పుడు తెర మీద నిలిచిన మూడు పంక్తులకు ఇది వ్యాఖ్య.

మెదక్ జిల్లా కొల్చారం ప్రాంతపు వాడని చెప్పుకునే మల్లినాథ సూరి, కాళిదాసుకు టీక రాయబూనినప్పుడు, మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. అందులో మొదటి సగం వరకు మాకూ సమ్మతమే.

మూలం

విఎఫ్ఎస్: కెనాట్ ఓపెన్ రూట్ డివైస్ "ఎస్‌డీబీ2" ఆర్ అన్‌నోన్-బ్లాక్(0,0): ఎర్రర్ -6
ప్లీజ్ అపెండ్ ఎ కరెక్ట్ "రూట్=" బూట్ ఆప్షన్; హియర్ ఆర్ ది అవైలబుల్ పార్టిషన్స్:
కెర్నెల్ పానిక్ - నాట్ సింకింగ్: విఎఫ్ఎస్: అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్ ఆన్ అన్‌నోన్-బ్లాక్(0,0)

ప్రతిపదార్థం

(మూడో పంక్తికి.) విఎఫ్ఎస్ = రకరకాల ఫైల్‌సిస్టమ్‌లను ప్రోగ్రాములకు ఒకే తీరుగా చూపించే కెర్నెల్ భాగం; రూట్ ఎఫ్ఎస్ = ఫైళ్లన్నిటికీ మూలస్థానమైన విభాగాన్ని; మౌంట్ = తగిలించుకోవడానికి; అనేబుల్ = చేతగాక; అన్‌నోన్-బ్లాక్(0,0) ఆన్ = ఊరూ పేరూ తెలియని పరికరం మీద; కెర్నెల్ = ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అయినటువంటిది; పానిక్ = ఇక ముందుకు పోతే క్షేమం కాదని తలచినదై; నాట్ సింకింగ్ = మెమరీలో మిగిలిన రాతలను డిస్కుకు చేర్చకుండానే. 'ఆగిపోయెను' అని అధ్యాహారం.

విశేషాలు

'నాట్ సింకింగ్' అన్న చోట పాఠచరిత్ర కొంత ఉంది. 1991 డిసెంబరు నాటి 0.11 ప్రతిలో పానిక్ వచ్చినా కెర్నెల్ పోతూపోతూ మిగిలిన రాతలను డిస్కుకు చేర్చేది. మొట్టమొదటి టాస్కులోనే పానిక్ పుడితే మాత్రం 'నాట్ సింకింగ్' అని విడిగా ప్రకటించి ఊరుకునేది. ఆనాడు అపవాదంగా ఉన్న మాట ఇప్పుడు ఉత్సర్గమైంది. బుద్ధి చెదిరిన కెర్నెల్ డిస్కు మీద రాస్తే ఉన్నది కూడా పాడవుతుంది గనక ఈ మౌనమే ఔచిత్యం.

రెండో పంక్తిలో 'ప్లీజ్' గమనించదగ్గది. ప్రాణం పోయే వేళ కూడా మర్యాద తప్పని పాత్ర ఇది. 'అందుబాటులో ఉన్న విభాగాలు ఇవిగో' అని పలికి, ఆ తర్వాత ఒక్క పేరూ చెప్పదు. పంక్తి తర్వాత పంక్తి లేదు. కొందరు దీన్ని కవి ప్రమాదమని అన్నారు. అది పొసగదు. మొత్తం ప్రబంధంలో వస్తుధ్వని ఉన్నది ఈ ఖాళీలోనే. పెన్‌డ్రైవ్ ఒక్కటే కాదు, కంప్యూటరు కడుపులో ఉన్న హార్డ్‌డిస్కు కూడా ఆ జాబితాలో లేదు. అంటే కెర్నెల్‌కు దారి తప్పలేదు, అసలు కళ్ళే లేవు. ఈ సంగతి పట్టుకున్నవాడు సగం రోగం కుదిర్చినట్టే. అయితే లోకం చూపు చివరి పంక్తి మీద, ఆ 'పానిక్' అన్న మాట మీదే ఆగిపోతుంది.

మూడో పంక్తి తర్వాత కాల్ ట్రేస్ అనే గద్యం వస్తుంది. దాని కింద 'ఎండ్ కెర్నెల్ పానిక్' అని ముందు పెట్టుకుని మూడో పంక్తే మళ్ళీ వస్తుంది. పునరుక్తి దోషమని లాక్షణికులు ఎత్తిచూపవచ్చు. తెర చిన్నదై పై పంక్తులు జారిపోయినా చదివేవాడికి కారణం మిగలాలని చేసిన ఏర్పాటు గనక దోషం కాదు. ఆ గద్యంలోనే 'నాట్ టెయింటెడ్' అని ఒక విశేషణం ఉంటుంది: బయటివాళ్ళ మూసిన డ్రైవర్లేవీ నాలో చేరలేదు, నేను శుద్ధంగానే ఉన్నాను అని కెర్నెల్ తనకు తాను ఇచ్చుకునే యోగ్యతాపత్రం. ప్రస్తుతానికి ఆ శుద్ధి వల్ల ఉపయోగమేమీ లేదు.

పాఠాంతరాలు

(0,0) స్థానంలో కొన్ని తెరల మీద (8,18) అని కనిపిస్తుంది. ఇది లేఖక దోషం కాదు, అర్థం పూర్తిగా వేరు. 8 అన్నది ఎస్‌డీ జాతి డిస్కుల అంకె. ఒక్కో డిస్కుకు పదహారేసి అంకెలు కేటాయిస్తారు గనక 16 అంటే రెండో డిస్కు, 18 అంటే అందులో రెండో విభాగం. (8,18) అని వచ్చిందంటే కెర్నెల్‌కు పరికరం దొరికింది, అందులోని ఫైల్‌సిస్టమ్ చదవడమే రాలేదు. (0,0) అని వస్తే పరికరమే దొరకలేదు. ఒకదానికి చేసే చికిత్స రెండోదానికి చేస్తే పొద్దు గడవడం తప్ప ఫలితం ఉండదు.

"ఎస్‌డీబీ2" స్థానంలో 'యూయూఐడీ=' అని పొడుగాటి అంకెల దండ ఉన్న పాఠం కూడా తరచుగా దొరుకుతుంది. ఫైల్‌సిస్టమ్ యూయూఐడీని చదివి పోల్చుకునే విద్య కెర్నెల్‌కు స్వతహాగా లేదు. ఆ పని చేసేది ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్, అంటే కెర్నెల్‌తో పాటు మెమరీలోకి వచ్చే చిన్న మూట; దాని కథ కింద వస్తుంది. కాబట్టి యూయూఐడీ పేరు పెట్టి కెర్నెలే స్వయంగా ఏడుస్తోందంటే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ రంగస్థలం మీదికి రాలేదని అర్థం. అది వచ్చి, పరికరం కోసం వెతికి విసిగిపోతే ఏడుపు మరోలా ఉంటుంది: డెబియన్‌లో ఒక చిన్న షెల్‌లోకి దింపి, ఇక నువ్వే చూసుకో అంటుంది. అది నయం. అక్కడ కనీసం కీబోర్డు పలుకుతుంది.

విరోధాభాసం, పరిహారం

ఇక ఈ ప్రకరణానికి ప్రాణమైన అలంకారం. పెన్‌డ్రైవ్‌లోంచి లేచిన కెర్నెల్‌కు ఆ పెన్‌డ్రైవే కనపడకపోవడం ఏమిటి? 'దాన్లోంచే కదా వచ్చావు!' అని గృహస్థు తెరకు చేతులు చూపించి అడుగుతాడు. ప్రశ్న సహజమైనదే.

పరిహారం ఇది. స్విచ్చి వేయగానే పెన్‌డ్రైవ్‌ను చదివేది కెర్నెల్ కాదు. మదర్‌బోర్డు మీది బయాస్ లేదా యూఈఎఫ్ఐ దానికి తెలిసిన పద్ధతిలో చదివి గ్రబ్ అనే బూట్‌లోడరును లేపుతుంది. గ్రబ్ ఆ బయాస్ సాయంతోనే కెర్నెల్‌ను మెమరీలోకి ఎత్తి, పగ్గాలు అప్పగించి తప్పుకుంటుంది. పగ్గాలు చేతికి రాగానే కెర్నెల్ పాత దారులు మూసేసి, యూఎస్‌బీ కంట్రోలరుతో మొదలుపెట్టి సమస్తం తన డ్రైవర్లతో తానే వెతుక్కోవాలి. తనను ఇక్కడిదాకా మోసుకొచ్చిన వాహనమేదో దానికి తెలియదు.

ఆ డ్రైవర్లెక్కడున్నాయి? డెబియన్ కెర్నెల్‌లో ఎక్స్‌హెచ్‌సీఐ, యూఎస్‌బీ-స్టోరేజ్, ఎస్‌డీ-మాడ్, చివరికి ఈఎక్స్‌టీ4 కూడా విడి మాడ్యూళ్ళు. అవి ఉండే చోటు రూట్ విభాగంలోని లిబ్ మాడ్యూల్స్ ఫోల్డరు. రూట్ విభాగం ఉన్నది పెన్‌డ్రైవ్‌లో. పెన్‌డ్రైవ్ చదవాలంటే డ్రైవర్లు కావాలి, డ్రైవర్లు కావాలంటే పెన్‌డ్రైవ్ చదవాలి: తాళంచెవి పెట్టెలో పెట్టి పెట్టెకు తాళం వేసినట్టు. ఈ చిక్కు తీర్చడానికే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ పుట్టింది. కావలసిన మాడ్యూళ్ళను, చిన్న చిన్న సాధనాలను సీపీఐఓ మూటగా కట్టి, కుదించి, బూట్ విభాగంలో కెర్నెల్ పక్కన పెడతారు. గ్రబ్ కెర్నెల్‌తో పాటు దాన్నీ మెమరీలోకి ఎత్తుతుంది. కెర్నెల్ ముందు ఆ మూట విప్పుకుని, అందులోని డ్రైవర్లతో పెన్‌డ్రైవ్‌ను పట్టుకుని, ఆపైన అసలు రూట్‌లో కాలు పెడుతుంది. మన కథలో ఆ మూట లేదు.

పూర్వపక్షం

పెన్‌డ్రైవ్ చెడిపోయిందని ఒకరు. చెడితే గ్రబ్ మెనూ దాకా ఎలా వచ్చింది? బయాస్‌లో బూట్ క్రమం మార్చాలని మరొకరు. వారికీ ఇదే సమాధానం. కొత్త కెర్నెల్‌లోనే బగ్గుందని ఇంకొకరు, వారికి ఆధారం లేదు. అంతా ఫార్మాట్ చేసి మొదటినుంచి వేసుకుందామనే వారు అన్ని ఊళ్ళలోనూ ఉన్నారు. వారి మతాన్ని ఖండించడం కష్టం, ఎందుకంటే అది ప్రతిసారీ పనిచేస్తుంది, కాని ఏమీ నేర్పదు.

రూట్‌వెయిట్ అనే మాటను కెర్నెల్ కమాండ్‌లైన్‌లో చేర్చాలన్న మతం ఒకటుంది. ఇది సగం ఒప్పు. యూఎస్‌బీ డిస్కు తేరుకుని హాజరు చెప్పేసరికి కాస్త ఆలస్యమవుతుంది. డ్రైవర్లన్నీ కెర్నెల్‌లోనే కలిపి, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ లేకుండా స్వయంగా కంపైల్ చేసుకున్నవారికి ఆ తొందరే పానిక్ తెస్తుంది. వారికి రూట్‌వెయిట్ సంజీవని. మన గృహస్థుకు అది పనికిరాదు. డ్రైవరే లేని కెర్నెల్‌ను ఎదురుచూడమంటే తెల్లవార్లూ చూస్తూనే కూర్చుంటుంది.

హేతు నిర్ణయం

ఫలం ఉదయపు తెర మీద కనిపించింది, హేతువు రాత్రి టెర్మినల్‌లో ఉంది. పెన్‌డ్రైవ్‌ను విభజించేటప్పుడు బూట్‌కు 200 ఎంబీ చాలనుకున్నారు. కెర్నెల్ ఫైలు 8 ఎంబీ చిల్లరే గాని, దాని తోడు వచ్చే ఇనిట్‌ఆర్‌డీ, అంటే పైన చెప్పిన మూట ఉండే ఫైలు, పదుల ఎంబీలు తూగుతుంది. పాత కెర్నెళ్ళు తమ తమ ఇనిట్‌ఆర్‌డీలతో అక్కడ కాపురం ఉండగా కొత్తది దిగింది. కెర్నెల్ ఫైలు పట్టింది, ఇనిట్‌ఆర్‌డీ పట్టలేదు. 'నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్' అని తెర మీద పడింది. అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ తన అసంపూర్తి ఫైలును తానే చెరిపేసుకుని ఓటమి ఒప్పుకుంది, డీపీకేజీ కూడా ప్యాకేజీ అమరలేదని చెప్పి ఆగింది.

అక్కడితో ఊరుకుంటే గ్రబ్‌లో పాత మెనూయే ఉండేది, పొద్దున పాత కెర్నెలే లేచేది. గృహస్థు ఊరుకోలేదు. ఎర్రరు వస్తే ఎవరో నేర్పిన అలవాటు చొప్పున చేత్తో అప్‌డేట్-గ్రబ్ నడిపాడు. ఆ కమాండు పలికే మాటలు జంటలుగా ఉంటాయి: 'ఫౌండ్ లైనక్స్ ఇమేజ్' అని ఒక పంక్తి, దాని కిందే 'ఫౌండ్ ఇనిట్‌ఆర్‌డీ ఇమేజ్' అని ఇంకొకటి. ఆ రాత్రి కొత్త కెర్నెల్‌కు మొదటి పంక్తి వచ్చింది, జంట పంక్తి రాలేదు. చివర 'డన్' అన్నది చూసి ఆయన ల్యాప్‌టాప్ మూశాడు. ఇనిట్‌ఆర్‌డీ లేని కెర్నెల్‌కు యూయూఐడీ రాసి లాభం లేదని గ్రబ్‌కు తెలుసు గనక, రూట్ పేరును ఎస్‌డీబీ2 అని రాసిపెట్టింది. మూలంలో యూయూఐడీకి బదులు ఆ పేరు రావడానికి కారణం ఇదే. ఇంతకంటే బలమైన అంతస్సాక్ష్యం అక్కర్లేదు.

ప్రయోగవిధి

గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ లోకి వెళ్ళి పాత కెర్నెల్ ఎంచుకోవాలి. లేచాక డీఎఫ్‌తో బూట్ విభాగం ఎంత నిండిందో చూడాలి. యూనేమ్-ఆర్ చెప్పే కెర్నెల్, అంటే ఇప్పుడు నడుస్తున్నది, దాన్ని తప్పించి బాగా పాతదాన్ని ఏపీటీతో తీసేయాలి. ఫైళ్ళను ఆర్‌ఎమ్‌తో చేత్తో చెరపరాదు, ప్యాకేజీ లెక్కలు తప్పుతాయి. తరువాత డీపీకేజీ కాన్ఫిగర్-ఏ నడిపితే ఆగిపోయిన పని మళ్ళీ మొదలై, ఇనిట్‌ఆర్‌డీ తయారై, గ్రబ్ మెనూ కూడా తిరిగి సిద్ధమవుతుంది. ఈసారి జంట పంక్తులు రెండూ వచ్చాయో లేదో కళ్ళారా చూడాలి.

పాత కెర్నెల్ కూడా లేనివారికి పరకాయప్రవేశం ఉంది, లోకంలో సీహెచ్‌రూట్ అంటారు. వేరే లైనక్స్‌లో పెన్‌డ్రైవ్ రూట్‌ను మౌంట్ చేసి, డెవ్, ప్రాక్, సిస్ లను బైండ్ చేసి లోపలికి ప్రవేశించడం. ఇందులో ఒక గుంట ఉంది. రూట్‌ను మౌంట్ చేసి బూట్ విభాగాన్ని దాని చోట మౌంట్ చేయడం మరిచినవారికి ఇనిట్‌ఆర్‌డీ చక్కగానే తయారవుతుంది, ఒక్క ఎర్రరూ రాదు. కాని అది గ్రబ్ ఎన్నడూ చూడని ఖాళీ ఫోల్డర్‌లో చేరుతుంది. పొద్దున మళ్ళీ అదే మూలం, అదే పానిక్. అయ్యాక అన్‌మౌంట్ చేసి, అది పూర్తయ్యేదాకా ఆగి, అప్పుడే పెన్‌డ్రైవ్ పీకాలి. కాపీ అయిపోయిందని తెర చెప్పినా రాతలు ఇంకా మెమరీలోనే ఉండవచ్చు.

ఫలశ్రుతి

దీన్ని శ్రద్ధగా చదివినవారికి పెన్‌డ్రైవ్ కొనే ఖర్చు ఒకటి తప్పుతుంది. 2024 నవంబరులో వచ్చిన 6.12 కెర్నెల్‌లో పానిక్‌ను క్యూఆర్ కోడ్‌గా చూపించే ఏర్పాటు చేశారు గనక ముందు ముందు ఈ మూలాన్ని ఫోనుతో ఫొటో తీసుకుని పారాయణ చేయవచ్చు. పై వ్యాఖ్య డెబియన్ 12 లోని 6.1 కెర్నెల్ పాఠాన్ని అనుసరించినది. వేరే ప్రతులున్న పాఠకులు తమ తెర మీది పంక్తులతో పోల్చి చూసుకోవాలి, పానిక్ అన్న పంక్తికి పైనున్న రెండింటినీ ముందుగా.