చిన్నతాత పేరు

కోటిపల్లి–నర్సాపురం రైలు మార్గానికి మా కొబ్బరితోటలో నలభై సెంట్లు పోయింది. ఆ నేల మా తాతయ్య పేరునా, ఆయన తమ్ముడు చిన్నతాత పేరునా ఉమ్మడిగా ఉంది. ఇద్దరూ పోయి చాలా కాలమైంది. పరిహారం కోసం కాగితాలు పోగుచెయ్యడం, నోటరీ చేయించడం, ఆఫీసుల చుట్టూ తిరగడం అన్నీ మా పెదనాన్నే చూసుకున్నారు. రెండేళ్లు తిరిగారు. డబ్బు బ్యాంకులో పడిన రోజున ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి, "చిన్నాన్న పిల్లల్ని ఒకసారి చూసి రావాలి" అన్నారు.

చిన్నాన్న పిల్లలు ఉండేది బర్మాలో.

చిన్నతాత 1936లో వెళ్లారు. ముక్తేశ్వరం దగ్గర గోదావరి దాటి, కోటిపల్లిలో రైలెక్కి, కాకినాడలో రంగూన్ స్టీమరెక్కారు. ఆ రోజుల్లో గోదావరి జిల్లాల కుర్రాళ్లకి రంగూన్ వెళ్లడం కొత్త కాదు. 1931 జనాభా లెక్కల ప్రకారం రంగూన్ ఊళ్లో సగానికి పైగా మనదేశం వాళ్లే. రేవులో మూటలు మోసే తెలుగు కూలీలకి లెక్కేలేదు. చిన్నతాత మాత్రం రంగూన్‌లో ఆగకుండా మౌల్మీన్ వైపు వెళ్లి బియ్యం మిల్లులో కుదిరారు. ఆయన ఎక్కిన కోటిపల్లి రైలు పట్టాల్ని తర్వాత యుద్ధం అవసరాలకి పీకేశారు. మళ్లీ వేసింది 2004లో. ఆ లైనునే నర్సాపురం దాకా పొడిగించడానికి మా తోట అడ్డొచ్చింది.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. లక్షలమంది అడవులు, కొండలు పట్టుకుని ఇండియాకి నడిచారు. జ్వరాలొచ్చి, తిండిలేక దారిలో రాలిపోయిన వాళ్లు వేలల్లో ఉన్నారు. చిన్నతాత కదల్లేదు. భార్య నిండు చూలాలు. 1964లో దుకాణాలన్నీ సర్కారు తీసేసుకున్నప్పుడు మళ్లీ లక్షలమంది తిరిగొచ్చారు. విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు వాళ్లతో వెలిసిందే. చిన్నతాతకి పోవడానికి దుకాణం లేదు. కౌలు పొలం ఉంది, ఇద్దరు పిల్లలున్నారు. అప్పుడూ రాలేదు.

1975లో ఉత్తరం వచ్చింది. నాన్నగారు పోయారని, అమ్మా తనూ తమ్ముడూ ఉన్నామని, పెదనాన్నగారు బెంగ పెట్టుకోవద్దని చిన్నతాత కూతురు రాసింది. తాతయ్యకి అప్పటికే చూపు ఆనేది కాదు. ఉత్తరం చదివి వినిపించింది మా పెదనాన్నే. అందరూ తలస్నానాలు చేశారు. పదిరోజులు మైల పట్టారు. ఆ తర్వాత ఇటునుంచి రెండో మూడో ఉత్తరాలు వెళ్లాయి. కొన్నాళ్లకి అవీ ఆగిపోయాయి.

మళ్లీ జాడ తెలిసింది మినుముల వల్ల. బర్మా మినుములు, కందులు మనకి దిగుమతి అవుతుంటాయి. ఆ వ్యాపారం మీద రంగూన్ వెళ్లొచ్చే కాకినాడ బ్రోకరొకాయన మౌల్మీన్ తెలుగువాళ్లలో వాకబు చేసి ఫోను నంబరు పట్టుకొచ్చాడు. మొదటిసారి మాట్లాడినప్పుడు అవతల అత్త ఏడుపు తప్ప ఏమీ వినపడలేదు.

2020 సంక్రాంతికి వెళ్లడానికి టిక్కెట్లు తీశాం. డెబ్భై ఏళ్ల మనిషి ఒక్కడూ ఎందుకని నన్ను తోడు పంపారు. ఆత్రేయపురం పూతరేకులు, మామిడి తాండ్ర, అత్తకి ఉప్పాడ చీర సర్దుకున్నాం. ఊళ్లో తెలిసి పదిమంది వచ్చారు.

"ఆయ్, సొంత అన్నదమ్ములే మొహాలు చూసుకోని రోజులండీ ఇవి. మీరు సముద్రం దాటి ఎల్తున్నారు!" అన్నారు.

"రక్తసంబంధం కదండీ" అన్నారు పెదనాన్న.

పాస్‌పోర్టులు, టిక్కెట్లు ఆయన తన కవర్లోనే పెట్టుకున్నారు. ఆ కవరు సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. 1996 నవంబరు 6 తుపానులో మా ఇంటి పెంకులు లేచిపోయాయి. ట్రంకుపెట్టెలోకి నీళ్లు దిగి దస్తావేజులు, రసీదులు, చిన్నతాత ఉత్తరాలు అన్నీ ముద్దయ్యాయి. అప్పట్నుంచి ముఖ్యమైన కాగితం ఏది వచ్చినా పెదనాన్న జిప్పున్న దళసరి ప్లాస్టిక్ కవర్లో పెడతారు. పెట్టడమే గాని తియ్యడం ఉండదు. ఏళ్ల తరబడి అలా పెట్టిపెట్టి అది పొట్ట ఉబ్బిన చేపలా తయారైంది. అవసరమైనవి వరకే తీసుకెళ్దామని నేనంటే ఒప్పుకోలేదు. "ఇందులో ఉంటేనే నాకు ధైర్యం" అన్నారు. విమానంలో దాన్ని చంకలో పెట్టుకునే నిద్రపోయారు.

కలకత్తా మీదుగా రంగూన్, అక్కణ్నుంచి బస్సులో మౌల్మీన్. వంతెన మీద సాల్విన్ నది దాటుతుంటే పెదనాన్న కిటికీలోంచి కళ్లు తిప్పలేదు. వెడల్పాటి నది, ఒడ్డున కొబ్బరిచెట్లు, పడవలు. చిన్నతాత ఇక్కడే ఎందుకు ఆగిపోయారో నాకు అప్పుడు తెలిసినట్టనిపించింది.

అత్త ఊరు మౌల్మీన్‌కి గంట ప్రయాణం. బస్సు దిగేసరికి వీధి మొదట్లోనే నిలబడి ఉంది. డెబ్భై ఏడేళ్ల మనిషి. బర్మా లుంగీ, జాకెట్టు, నుదుట కాసంత బొట్టు, రెండు బుగ్గలకీ తనకా పూత. తనకా అంటే చెట్టు బెరడు అరగదీసిన గంధం. అక్కడ ఆడవాళ్లూ పిల్లలూ అందరూ పూసుకుంటారు. పెదనాన్న మొహం రెండు చేతుల్లోకి తీసుకుని చెవులు తడిమి చూసింది.

"అచ్చం నాన్న చెవులే తమ్ముడూ" అంది.

విదేశీయులం కాబట్టి రాత్రికి మౌల్మీన్ హోటల్లో పడుకోవడం, పొద్దున్నే ఊళ్లోకి రావడం.  ఇళ్లల్లో నిద్రచెయ్యడానికి మావంటివాళ్లకి అనుమతి దొరకడం కష్టం. "సొంత తమ్ముడు వచ్చి హోటల్లో పడుకోవడమేంటి" అని అత్త రోజూ బాధపడేది.

పొద్దున్నే మొహింగా పెట్టేది. సన్నటి బియ్యపు సేమ్యా మీద చేపల పులుసు పోసి, పైన కొత్తిమీర, నిమ్మకాయ. పులుసులో అరటిదూట ముక్కలుంటాయి. దూట తీసి, నార చుట్టి, మజ్జిగ నీళ్లలో వేసి కూర వండే మా కోనసీమ వాళ్లకి ఆ ముక్క నోట్లో పడగానే ఇల్లు గుర్తొస్తుంది. మేం తిన్నంతసేపూ అత్త పక్కనే కూర్చునేది. మేం లేచాక తినేది. మధ్యాహ్నాలు అత్త కొడుకు, మా బావ, నన్ను టీ కొట్టుకి తీసుకెళ్లేవాడు. పొట్టి స్టూళ్ల మీద కూర్చుంటే ముందుగా ఉత్త తేనీరు కెటిల్‌తో తెచ్చి పెడతారు. ఎంత తాగినా డబ్బు తీసుకోరు. బావకి బడిలో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు. బడిలోది బర్మా పేరు. చిన్నప్పుడు తోటిపిల్లలు 'కలా' అని ఏడిపించేవారట. మనదేశం వాళ్లని అక్కడ అలా అంటారు. ఏడుస్తూ ఇంటికొస్తే చిన్నతాత ఒళ్లో కూర్చోబెట్టుకుని మా ఊరి పేరు, మా గోదావరి పాయ పేరు, తోటలో ఏ మూల ఏ చెట్టుందో చెప్పేవారట. మా రాజోలు ఎప్పుడూ చూడని బావ మా తోటలో గంగాబోండం చెట్టు ఎక్కడుందో నాకు చెప్పాడు. అది సరిగ్గా అక్కడే ఉండేది. రైల్వేవాళ్లు కొట్టేశారు.

బావ కూతురికి పదేళ్లు. ఆదివారాలు రామాలయంలో తెలుగు అక్షరాలు నేర్చుకుంటోంది. పూతరేకుల పెట్టె మీద రాసింది వేలుపెట్టి "ఆ... త్రే... య... పు... రం" అని చదివి, మేం మెచ్చుకుంటే ఇంట్లో తెలుగున్న ప్రతిదీ తెచ్చి చదివి వినిపించింది. అగ్గిపెట్టెంత పంచాంగం, రాములవారి పటం కింద పేర్లు, అంతకు మించి ఏమీ లేవు.

సంక్రాంతి రోజున అత్త పెద్దలకి బట్టలు పెట్టింది. పీట మీద కొత్త పంచె, చీర పెట్టి పేర్లు చదివింది. చిన్నతాత, ఆయన భార్య, మా తాతయ్య, మా మామ్మ. మా తాతయ్య కోసం ఆ ఇంట్లో ఏటా పంచె పెడుతున్నారని మాకు అప్పటిదాకా తెలియదు. తర్వాత గుడిలో బతికున్నవాళ్ల పేరున అర్చన చేయించింది. పెదనాన్న పేరు, మా నాన్న పేరు, చివర నా పేరు. మా గోత్రం తడుముకోకుండా చెప్పింది.

గుడినుంచి వస్తూ పెదనాన్న చెయ్యి పట్టుకుంది.

"తమ్ముడూ, ఒక్కటడుగుతాను, కాదనకు. మా నాన్న పేరున్న కాగితం ఏదైనా ఉంటే ఇప్పించు. మన ఊరి పేరూ, నాన్న పేరూ కలిపి రాసింది. మన సర్కారు ముద్ర ఉంటే మరీ మంచిది. ఇక్కడ మా కార్డుల్లో మా పేర్లే మావి కావు. పటం కట్టించి గోడకి పెట్టుకుంటాను. నేను పోయాక వీళ్లకి ఎవరు చెప్తారు?"

"తుపానులో అన్నీ పోయాయక్కా. ఒక్కటీ మిగల్లేదు" అన్నారు పెదనాన్న.

అత్త తలూపింది. మళ్లీ అడగలేదు.

ఆ మధ్యాహ్నం బంధువులంతా వచ్చారు. చిన్నతాత కొడుకు, కోడలు, మనవలు, ఇరుగుపొరుగు తెలుగువాళ్లు. నేలమీద చాపలు పరిచి విస్తళ్లు వేశారు. గారెలు, పరమాన్నం, రొయ్యల ఇగురు. పెదనాన్న పక్కన అత్త విసనకర్రతో కూర్చుంది. ఈ ఒక్క రాత్రీ ఇక్కడే పడుకోవాలని పట్టుపట్టింది. బావ వార్డు ఆఫీసులో అడిగి చూస్తానన్నాడు. పాస్‌పోర్టులు కావాలన్నాడు. పెదనాన్న చేతినిండా పరమాన్నం ఉంది.

"ఆ కవర్లో ఉన్నాయి, తీసుకోండి" అన్నారు.

పిల్ల పరిగెత్తి కవరు తెచ్చింది. జిప్పు లాగింది. పాస్‌పోర్టులు తీసి తండ్రికిచ్చింది. అంతటితో కవరు మూయలేదు. అన్ని తెలుగు కాగితాలు ఒక్కచోట ఆ పిల్ల ఎప్పుడూ చూడలేదు. ఒక్కొక్కటీ బయటికి తీసి పెద్దక్షరాలు చదవడం మొదలుపెట్టింది. అందులో మూడు సింహాల బొమ్మున్న స్టాంపు కాగితం ఒకటుంది. అడుగున నోటరీ ఎర్ర సీలు ఉంది. దాన్ని పట్టుకుని ఒక్క కేక పెట్టింది.

"మామ్మా! ముత్తాత పేరు!"

అత్త విసనకర్ర కింద పడేసింది. కాగితం అందుకుని ఆ సింహాల మీద చెయ్యి వేసి నిమిరింది. ఆవిడకి చత్వారం. కాగితం మళ్లీ పిల్ల చేతిలో పెట్టింది.

"కవర్లోనే ఉంచుకుని మర్చిపోయావా తమ్ముడూ! చదువమ్మా. పైనుంచి చదువు. గట్టిగా చదువు, అందరికీ వినపడాలి."

పెదనాన్న చెయ్యి విస్తట్లోనే ఉంది.

పిల్ల నిలబడింది. వేలు కదుపుతూ, కూడబలుక్కుంటూ చదివింది. మా జిల్లా పేరు, మా ఊరి పేరు. అత్త చేతులు జోడించింది. మా తాతయ్య పేరు. "మా పెదనాన్న" అని పక్కవాళ్లకి బర్మా భాషలో చెప్పింది. ఆయన కొడుకుల పేర్లు చదివినప్పుడు పెదనాన్న భుజం తట్టింది. తర్వాత చిన్నతాత పేరు వచ్చింది. అత్త చేత్తో కళ్లు ఒత్తుకుంది. చిన్నతాత కొడుకు లేచి నిలబడ్డాడు.

"బర్మా దేశమందు... మరణించినారు" అని చదివింది పిల్ల.

"అవును. మాఘ బహుళ చవితి. నా ఒళ్లోనే పోయారు" అంది అత్త. "ఊఁ, తర్వాత?"

పిల్ల వేలు కింది వరసకి జరిగింది.

"వారికి... వివాహము... కాలేదు. వారసులు... ఎవ్వరూ... లేరు."

"ఇంకా?"

"అంతే మామ్మా. కింద 'ఇట్లు' అని ఈ తాత పేరు రాసి ఉంది. సంతకం కూడా ఉంది."