మీసములు గొఱుగు సుందరీకరణము

సముద్రతీరమును సుందరముగా నొనర్పవలెనను సత్సంకల్పము మన పురపాలకులకు ఉదయించినప్పుడెల్ల మొట్టమొదట ప్రాణములు గోల్పోవునది, ఇసుకదిబ్బలపై ఎవ్వరి యనుమతియు గోరక, ఎవ్వరి నిధులును ముట్టక, తనంతట తాను పెరుగు గడ్డి. రావణాసురుని మీసములని మనవారు పిలుచు ఈ గడ్డి విహారమునకు వచ్చినవారి పాదములను వాడి యాకులతో గ్రుచ్చుననుట నిజమే. కాని విభీషణునైనను మిగిల్చిన రాముని దయ మన పొక్లెయినునకు లేదు.

ఇంతకును ఆ గడ్డి చేసిన యపరాధమేమనగా, సముద్రపుగాలి వేగమును మందగింపజేసి, అది మోసికొనివచ్చు ఇసుకను తన మొదట రాల్పించుకొనుట. అన్యసస్యములైనచో ఊపిరాడక చచ్చునంతగా ఇసుక తన్ను గప్పినకొలది మఱింత పైకెదిగి, బారెడు బారెడుగా ప్రాకు కాండముల కణుపుకణుపునను వేళ్లు దింపి, బాలబందితీగను తోడు చేసికొని, కొన్నియేండ్లకు ఒక దిబ్బను నిలబెట్టుట. తుపానునాడు అలలు ఆ దిబ్బను కోసికొనిపోవును. కోసిన యిసుక ఒడ్డునకు చేరువనే నీటియడుగున తిన్నెగా పఱచుకొని, వెనుక వచ్చు అలల యుద్ధృతిని అచ్చటనే విఱుచును. కడలి శాంతించిన పిదప అందు చాలభాగము మెల్లమెల్లగా ఒడ్డు చేరగా, గాలియు గడ్డియు గూడి దిబ్బను మరల గట్టును. టెండరు లేదు, బిల్లు లేదు, శిలాఫలకము లేదు; ఇట్టి యక్రమ నిర్మాణమును ఏ కార్యాలయము సహించును? (రేవుగోడ యడ్డుపడి ఇసుక నడకయే నిలిచిన విశాఖవంటి చోట ఒక్క గడ్డివలన ఒడ్డు నిలువదని ఒప్పుకొనక తప్పదు.)

సుందరీకరణము పేరను గాని వినోదము పేరను గాని ఇసుకదిబ్బల రూపు మార్చరాదని తీరప్రాంత నియంత్రణ ప్రకటన 1991లోనే నిషేధించినది. 2011లో ఆ మాటనే మరల జెప్పినది. ఫలానా పేరు పెట్టి దిబ్బలు చెఱుపరాదని శాసనము కంఠోక్తిగా జెప్పగా, సరిగ్గా ఆ పేరే పెట్టి చెఱుపుటకు ఎంతటి నిష్కాపట్యము కావలెను!

దిబ్బ చదునైనచోట పచ్చికబయలు పఱతురు. మంచినీటిని రెండుపూటల త్రాగియు ఉప్పుగాలికి అది పసుపుబాఱుచుండగా, పట్టి నిలుపువారు లేని యిసుక లేచి తీరపు రోడ్డును గప్పును. దానిని ఎత్తి ఊరిబయట పోయుటకు ఒక టెండరును, ఒడ్డు కోసికొనిపోయినదని వేఱొకచోటినుండి ఇసుక తెచ్చి పోయుటకు మఱియొక టెండరును పిలుతురు. రెండును ఒక్క కాంట్రాక్టరునకే యిచ్చినచో లారీకిరాయి కలిసివచ్చునని మా విన్నపము.