ఎండాకాలానికి సెన్సార్ ఎప్పుడు?

కేంద్ర చలనచిత్ర ధ్రువీకరణ మండలి, హైదరాబాద్ ప్రాంతీయ కార్యాలయం వారికి,

విషయం: ‘ఎండాకాలం’ అనే చిత్రానికి తగిన సర్టిఫికెట్ కోరుతూ.

అయ్యా, అమ్మా,

పై చిత్రం ఏటా మార్చిలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ విడుదలవుతున్నా, ఇంతవరకూ బోర్డు వారి ముందుకు రాలేదని ఫిల్మ్‌నగర్ తరఫున మనవి. 1952లో సినిమాటోగ్రాఫ్ చట్టం వచ్చిన నాటి నుంచి ముద్దు నిడివినీ బూతుల లెక్కనూ నెత్తుటి మోతాదునూ తూకం వేస్తున్న బోర్డు వారు దీన్నెలా వదిలేశారో తెలియదు. 2024 నవంబరులో యూఏ సర్టిఫికెట్‌కు 7+, 13+, 16+ అని మూడు మెట్లు కూడా పెట్టారు గనుక, ఏ వయసువాళ్లు దీన్ని తట్టుకోగలరో తేల్చడం ఇక సులువే.

ముందు హింస సంగతి. 2015 మే వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా పోయారు. అందులో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లే. ముసలివాళ్లు, కూలీలు, నీడ కొనుక్కోలేనివాళ్లు. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాడ్పును రాష్ట్ర విపత్తుగా గుర్తించి, మృతుల కుటుంబాలకిచ్చే సాయాన్ని 50 వేల నుంచి 4 లక్షల రూపాయలకు పెంచింది. ఇంత జరిగే బొమ్మకు ‘ఏ’ సర్టిఫికెట్టయినా లేకపోవడం వింత.

ఇక నటీనటులు. విలన్ సూర్యుడేనని జనం తిట్టుకుంటున్నారు గానీ, పాపం ఆయన పాత ఆర్టిస్టు. 1978 నుంచి ఉపగ్రహాలు ఆయన వేడిని కొలుస్తూనే ఉన్నాయి. పదకొండేళ్లకోసారి వచ్చే చిన్న హెచ్చుతగ్గులే తప్ప నటనలో మార్పు లేదు. పెరిగింది పొగ. బొగ్గు, పెట్రోలు, డీజిలు మండించడం మొదలుకాకముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లుండే కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. అది ఎండను లోపలికి రానిస్తుంది, నేల వెనక్కి పంపే వేడిని మాత్రం పట్టి ఉంచుతుంది. ఆ ఫలితమే 2024: ప్రపంచ వాతావరణ సంస్థ లెక్కలో అత్యంత వేడి సంవత్సరం, పారిశ్రామిక యుగానికి ముందుకన్నా సుమారు 1.55 డిగ్రీలు ఎక్కువ.

ఇప్పటిదాకా పోగైన ఈ పొగకు నిర్మాతల జాబితాలో పెద్ద పెట్టుబడి అమెరికా, యూరప్‌లది, ఆ తర్వాత చైనాది. మన దేశపు తలసరి వాటా ప్రపంచ సగటులో సగానికన్నా తక్కువే. అయితే ఆ తలసరిలో జూబ్లీహిల్స్ తల, కొండ దిగితే వచ్చే కృష్ణానగర్ తల ఒకటిగా లెక్కపడుతున్నాయి. చిక్కంతా అక్కడే.

బోర్డు వారు ఒక్కసారి జూబ్లీహిల్స్ బంగ్లాలో జరిగే షూటింగుకు దయచేయాలి. హాల్లో హీరో సిగరెట్ ముట్టిస్తాడు. 2012 అక్టోబరు 2 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం ఆ పొగ కనిపించినంతసేపూ తెర మీద హెచ్చరిక ఉండాలి. మంచిదే. అదే సమయంలో ప్రహరీ అవతల జనరేటర్ వ్యాను పొద్దుటి నుంచి గుడగుడలాడుతూ ఉంటుంది. లీటరు డీజిలు కాలితే దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. దానికి హెచ్చరిక లేదు. పక్కనే ఏసీ ఆపని క్యారవాన్, లోపల ఎవరూ లేకపోయినా. మేడ మీద లైట్‌బాయ్ చెప్పుల్లో నిలబడి, హీరోయిన్ మొహం మీద నీడ పడకుండా రిఫ్లెక్టర్ పట్టుకుని ఉంటాడు. అది విసిరే వెలుగు ఆమెకు, వేడి అతనికి. ప్రొడక్షన్ బాయ్ మజ్జిగ ట్రే మేడెక్కేసరికి గ్లాసులు సగం ఖాళీ.

ప్యాకప్ అయ్యాక కథ అయిపోదు. చెట్టూ ఖాళీ నేలా ఉన్నచోటు రాత్రికి త్వరగా చల్లబడుతుంది. పగలంతా తాగిన ఎండను సిమెంటు, తారు మాత్రం తెల్లారేదాకా కక్కుతూనే ఉంటాయి. పైగా వేలాది ఏసీలు గదిలోని వేడిని మాయం చేయవు, వీధిలోకి నెడతాయంతే. ఈ చుట్టుపక్కల ఊపిరిలా మిగిలింది కేబీఆర్ పార్కు. 1998లో జాతీయ ఉద్యానవనమైన దాని చుట్టూ రక్షణ వలయాన్ని 2020లో కొన్నిచోట్ల 3 మీటర్లకు కుదించారు. ఒక క్యారవాన్‌ను అడ్డంగా నిలిపితే ఆ వలయంలో పట్టదు.

‘1966లోనే హైదరాబాద్‌లో 45.5 డిగ్రీలు చూశాంలే’ అనే పెద్దలు ఇక్కడ ఉన్నారు. చూశారు, నిజమే. అది ఒక్కరోజు రికార్డు, ఇప్పటి మాట ఏళ్ల తరబడి పెరుగుతున్న సగటు.

చల్లదనం కోసం డ్యూయెట్‌ను స్విట్జర్లాండ్‌కు మార్చే పాత కిటుకు కూడా ఇక నమ్మదగ్గది కాదు. అక్కడి హిమానీనదాలు 2022, 2023 రెండేళ్లలోనే తమ మంచులో పదో వంతు పోగొట్టుకున్నాయి. లొకేషనే కరిగిపోతుంటే మేనేజరు ఏం చేస్తాడు?

ప్రభుత్వం ఊరుకుందని కాదు. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ చల్లని పైకప్పుల విధానం తెచ్చింది, దేశంలో ఒక రాష్ట్రం ఇలాంటిది తేవడం అదే మొదలు. 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు ఎండను తిప్పికొట్టే పూత తప్పనిసరి. అంతకన్నా చిన్న సొంత ఇళ్లకు యజమాని ఇష్టం. అంటే నాలుగు ఏసీలున్న మేడకు ఆజ్ఞ, రేకుల గదికి ఐచ్ఛికం. రాసినవాళ్ల ఉద్దేశం మంచిదే కావచ్చు, కానీ స్క్రీన్‌ప్లే తిరగబడింది.

కాబట్టి కోరేది ఇదీ. జనరేటర్ ఎన్ని లీటర్లు తాగిందో టైటిల్స్‌లో వేయకపోతే సర్టిఫికెట్ ఆపండి. జంతువులను హింసించలేదని సినిమా మొదట్లో వేసే కార్డు కింద, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటిదాకా లైట్‌బాయ్‌లను, జూనియర్ ఆర్టిస్టులను ఎండలో నిలబెట్టలేదని మరో వాక్యం రాయించండి. ఆ వాక్యం రాయలేని సినిమాల పేర్లు నోటీసుబోర్డు మీద పెట్టండి. అధికారం చాలదంటారేమో, సిగరెట్ హెచ్చరిక అక్షరాల సైజు కూడా ఒకప్పుడు ఎవరి అధికారంలోనూ లేదు.

ప్రివ్యూ ఏర్పాట్లు సిద్ధం. వేదిక కృష్ణానగర్‌లో ఒక రేకుల గది, మే మూడో వారం, రాత్రి పదకొండు గంటలకు. ఫ్యాను ఉంది, కరెంటుకు హామీ లేదు. సభ్యులు తమ మంచినీళ్లు తామే తెచ్చుకోగలరు.

ఇట్లు,
ఫిల్మ్‌నగర్ దరఖాస్తుదారు