పాలిష్ పట్టిన పోషణ శాస్త్రం

ఆవును చంపి చెప్పులు దానం చేసే పుణ్యాత్ముల మీద మన పెద్దలు ఒక సామెత కట్టి ఊరుకున్నారు. ఆ దానానికి టెండరు పిలవొచ్చనీ, జతకి ఇంత తోలు ఉండాలని ప్రమాణం రాయొచ్చనీ, ఏటా వేల కోట్లు కేటాయించొచ్చనీ పాపం వాళ్లకు తట్టలేదు. ఆ కొరత మన ఆహార విధానం తీర్చింది. 2024 నాటికి ప్రభుత్వ పథకాల్లో ఇచ్చే బియ్యమంతా పోషకాలు కలిపిన ఫోర్టిఫైడ్ బియ్యమే అవుతుందని 2021 ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి ప్రధాని ప్రకటించారు. ఈ బియ్యం పనిచేస్తుందో లేదో 15 జిల్లాల్లో మూడేళ్లు పంచి చూద్దామని 2019-20లో మొదలెట్టిన ప్రయోగానికి అప్పటికి గడువే తీరలేదు. ఫలితం వచ్చాక దేశానికి చెప్పడం పాత పద్ధతి. దేశానికి చెప్పేశాక ఫలితం రాక చస్తుందా!

ఈ బియ్యం పుట్టుక ఒకసారి చూడాలి. ధాన్యం మిల్లుకెళ్తుంది. ఊక పోతుంది, వెంటనే పాలిష్‌లో తౌడూ పోతుంది. గింజలోని బి విటమిన్లు, ఇనుము, పీచు చాలావరకు ఉండేది ఆ తౌడులోనే. అది నూనె మిల్లులకూ పశువుల దాణాకూ చేరుతుంది. మల్లెపువ్వులాంటి పిండిపదార్థం మన వంతు. ఇక్కడ విజ్ఞానశాస్త్రం రంగప్రవేశం చేస్తుంది. నూకలను పిండి పట్టి, అందులో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి, యంత్రంలో బియ్యపు గింజ ఆకారంలో ఒత్తి, ఆరబెట్టి, క్వింటాలు మామూలు బియ్యానికి కిలో చొప్పున కలుపుతారు. ఈ గింజలు నీళ్లలో తేలుతాయి, రంగులోనూ కాస్త తేడాగా ఉంటాయి. దాంతో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ‘ప్లాస్టిక్ బియ్యం’ అన్న కలకలం రేగింది. చేటలో చెరిగి రాయీ మట్టిగడ్డా ఏరే ఆడవాళ్లు వీటినీ ఏరి పారేశారు. జనానికి అవగాహన లేదని అధికారులు విచారపడ్డారు. అన్నం తినేవాళ్లకు ఒక్క ముక్క చెప్పకుండా అన్నంలో మందు కలిపిన అవగాహన గురించి విచారపడినవాళ్లు తక్కువ.

తమాషా ఏమిటంటే, విటమిన్ పరిశోధన అసలు చెప్పింది ఇది కాదు. ఆ పరిశోధన పుట్టుకలో మన గడ్డకూ వాటా ఉంది. ఉత్తర సర్కారుల్లో, అంటే చాలావరకు నేటి కోస్తాంధ్రలో, కాళ్లు చచ్చుబడి గుండె ఆగే బెరిబెరి గురించి మద్రాసు సైన్యపు వైద్యుడు మాల్కమ్‌సన్ 1835లోనే పుస్తకం అచ్చువేశాడు. 1890లలో జావాలో ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు, పాలిష్ బియ్యం తిన్న కోళ్లకు అలాంటి జబ్బే వస్తుందనీ, తౌడు పెడితే పోతుందనీ గమనించాడు. ఆ దారిలోనే 1929లో ఆయనకు నోబెల్ వచ్చింది. 1918లో మెక్‌కారిసన్ అనే వైద్యుడు నీలగిరుల్లోని కూనూరులో పెట్టిన పరిశోధన విభాగం పేరే ‘బెరిబెరి విచారణ’. అది పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాద్‌కు తరలి, జాతీయ పోషకాహార సంస్థ అయింది. ధాన్యాన్ని ఉడకబెట్టి మిల్లు పట్టే ఉప్పుడు బియ్యం తినేవాళ్లను బెరిబెరి అంతగా ఎందుకు ముట్టదో కూడా ఆ తరం పరిశోధకులు తేల్చారు. ఉడికేటప్పుడు పైపొరలోని, బెరిబెరిని ఆపే బి1 విటమిన్ గింజలోకి ఇంకుతుంది, ఆనక పాలిష్ పట్టినా పూర్తిగా పోదు. ఇన్ని దశాబ్దాల శ్రమ సారాంశం మూడు ముక్కల్లో ఇమిడేది: ఇంతగా పాలిష్ పట్టకండి. విధానకర్తల చెవికి ఆ మూడు ముక్కలూ ఎక్కలేదు. ఎక్కిందల్లా, తిండిలో ఉండేదానికి ఒక రసాయన నామం ఉంటుందనీ, నామం ఉన్నదాన్ని విడిగా కొనొచ్చనీ. ఇంకో ముచ్చట కూడా ఉంది. ఈ కథంతటికీ మూలమైన బి1ను రేషన్ బియ్యంలో తప్పనిసరిగా కలపాల్సిన జాబితాలో చేర్చలేదు. కలిపితే కలపొచ్చు అన్న రెండో జాబితాలో దానికి చోటిచ్చారు.

పోనీ, కలిపినవైనా పనిచేస్తాయా? ప్రమాణం ప్రకారం కిలో బియ్యంలో ఇనుము 28 నుంచి 42.5 మిల్లీగ్రాములు. నెలకు తలకు ఐదు కిలోలంటే రోజుకు నూట అరవై గ్రాముల పైచిలుకు. అంటే ఒక్క గింజా ఏరకుండా, గంజి వార్చకుండా తింటే దక్కేది 5 నుంచి 7 మిల్లీగ్రాములు. గర్భిణులకు ప్రభుత్వమే ఇచ్చే రోజువారీ మాత్రలో ఇనుము 60 మిల్లీగ్రాములు. ఆ మాత్రల పథకం 1970 నుంచీ నడుస్తోంది. అయినా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రక్తహీనత ఉన్న మహిళలు 2015-16లో 53 శాతం ఉంటే 2019-21కి 57 శాతమయ్యారు. 60 మిల్లీగ్రాములతో కాని పని ఆరింటితో అవుతుందన్నది ధైర్యమే అనుకోవాలి. బియ్యంలో ఇనుము కలపడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సిఫారసు చేసిన మాట నిజం. ఆ మరుసటి ఏడే, దొరికిన ప్రయోగాలన్నీ కూర్చి చూసిన కాక్రేన్ సమీక్ష, దీనివల్ల రక్తహీనత ముప్పులో పెద్ద తేడా రాకపోవచ్చని తేల్చింది. మన ఫైళ్లకు మొదటిదే అందింది. అసలు రక్తహీనత ఎంతమందికుందో కూడా సూది ఎక్కడ గుచ్చారన్న దాన్నిబట్టి మారుతుంది. వేలికొన రక్తంతో చూసిన 2015-16 సర్వేలో ఐదేళ్లలోపు పిల్లల్లో 58 శాతానికి పైగా తేలితే, నరం నుంచి తీసి చూసిన 2016-18 సర్వేలో దాదాపు 41 శాతం.

కానీ, కలపడమే తప్పని వాదించడం తప్పు. ఉప్పులో అయోడిన్ కలిపారు, గొంతువాపు తగ్గింది. 1956లో హిమాలయాల్లోని కాంగ్రా లోయలో రామలింగస్వామి అనే వైద్య పరిశోధకుడు మొదలెట్టిన అధ్యయనం దానికి గట్టి రుజువు. అక్కడి మట్టిలోనే అయోడిన్ లేదు, ఏ కూరా దాన్ని తేలేదు. పుట్టబోయే బిడ్డకు వెన్నెముక లోపాలు రాకుండా పిండిలో ఫోలిక్ ఆమ్లం కలిపిన దేశాల్లోనూ మేలు జరిగింది. ఆ ఆమ్లాన్ని అమెరికాలో ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన పేరు చెప్పి ఈ పథకాన్ని వెనకేసుకురావాలంటే రావచ్చు. కానీ మన పళ్లెంలోంచి ఇనుమును దోచింది మట్టి కాదు. తిండిలో సగానికి పైగా ఒట్టి తెల్లన్నమే ఉండటం, దాని పక్కన పప్పూ ఆకుకూరా గుడ్డూ లేకపోవడం. పైగా రక్తహీనత ఒక్క ఇనుముతో వచ్చేదీ కాదు. నులిపురుగులూ, తరచూ సోకే జబ్బులూ, పుట్టుకతో వచ్చే రక్తలోపాలూ అందులో కలిసే ఉంటాయి.

జనమే తెల్ల బియ్యం అడుగుతున్నారు కదా, దంపుడు బియ్యం ఇస్తే వండుకుంటారా అంటారు. న్యాయమైన ప్రశ్నే. దంపుడు బియ్యం ఉడకడానికి వంటచెరకు ఎక్కువ కావాలి, తౌడులోని నూనె వల్ల గోదాముల్లో నెలల తరబడి నిలవదు. తెలంగాణలో 2025 ఉగాదికి మొదలైన సన్నబియ్యం పంపిణీకి వచ్చిన ఆదరణే జనం రుచికి సాక్ష్యం. కానీ దంపుడుకీ మల్లెపువ్వుకీ మధ్య తక్కువ పాలిష్ ఉంది, ఉప్పుడు బియ్యం ఉంది. 2028 డిసెంబర్ దాకా ఈ పథకానికి 2024 అక్టోబర్‌లో కేంద్ర కేబినెట్ ఒప్పుకున్న సొమ్ము 17,082 కోట్లు. అందులో కందిపప్పు ఎంత వస్తుందో, బడిపిల్లలకు గుడ్లు ఎన్ని వస్తాయో లెక్కగట్టడం విధానపత్రాల అలవాటు కాదు. బడి భోజనంలో గుడ్డు పెడితే కొన్ని రాష్ట్రాల్లో మనోభావాలు నొచ్చుకుంటాయి. గుడ్డులో దొరికే బి12ను నూకల పిండిలో కలిపితే ఎవరి మనోభావమూ నొచ్చుకోదు. గుడ్డుకు కోడి కావాలి, బి12కు సరఫరాదారు చాలు.

ఇక హెచ్చరిక చీటీ సంగతి. ఇనుము కలిపిన ఆహారాన్ని తలసీమియా అనే రక్తలోపం ఉన్నవాళ్లు వైద్యుల పర్యవేక్షణలోనే తినాలనీ, సికిల్ సెల్ అనే మరో రక్తలోపం ఉన్నవాళ్లు అసలు తినొద్దనీ సంచి మీద రాయాలని మొదట నిబంధన పెట్టారు. పాడేరు, ఆదిలాబాద్ మన్యాల్లో సికిల్ సెల్ ఉన్న కుటుంబాలు తినేదీ రేషన్ బియ్యమే. డీలరు గోతాంలోంచి తూచి పోసే బియ్యానికి చీటీ ఎక్కడ అతికిస్తారన్నది ఒక సందేహం. చదివినవాళ్లు మాత్రం బదులుగా ఏం తింటారన్నది రెండోది. 2024లో ఆ హెచ్చరికనే ఎత్తేసి రెండు సందేహాలూ తీర్చేశారు. తలసీమియా రోగికి రక్తం ఎక్కించినప్పుడు ఒంట్లో చేరే ఇనుము ముందు ఈ బియ్యంలోది లెక్కలోకి రాదని నిపుణులు నచ్చజెప్పారు. నిజమే కావచ్చు. ఇనుము విషమయ్యేవాడికి కూడా హాని చెయ్యలేనంత కొంచెం ఇనుము, మిగతా దేశానికంతా రక్తం పట్టించగలంత ఎక్కువ ఎలా అయిందో కూడా ఆ నిపుణులే ఇంకో పత్రంలో వివరిస్తే బాగుండు.