అస్తరు విప్పాక – వేసవి కలెక్షన్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన వేసవి కలెక్షన్ గారికి,

ఖాజాగూడ నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ మేము క్షేమం. ఎండలు ముదిరాయి. గుట్ట మీది బండలు రాత్రి తొమ్మిదైనా చల్లారడం లేదు. మీరు ర్యాంపు మీద, ఏసీ గాలిలో క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

నేనెవరో మీకు తెలియదు. పెద్ద చెరువుకు ఇవతల గల్లీలో రెండు కుట్టు మిషన్లు, ఒక ఓవర్‌లాక్ మిషన్ పెట్టుకుని ఇరవై రెండేళ్లుగా బతుకుతున్నాను. నేను మాత్రం మిమ్మల్ని ఏటా చూస్తాను. శివరాత్రి వెళ్లిందంటే చాలు, నానక్‌రామ్‌గూడ, గచ్చిబౌలి ఆఫీసుల అమ్మాయిలు ఫోన్‌లో మీ ఫొటో పట్టుకుని నా గడప ఎక్కుతారు. "ఆంటీ, అచ్చం ఇట్లనే కావాలె" అంటారు. మీ ఫొటోలో వెనక భాగం కనిపించదు, చంక దగ్గర కుట్టు కనిపించదు, బట్ట ఏమిటో రాసి ఉండదు. అయినా చూసి, లెక్కగట్టి, పాత చీరను ముక్కగా కోసి నమూనా కుట్టుకుని మరీ మిమ్మల్ని ఈ గల్లీలోకి తెచ్చాను. ర్యాంపు మీద ఒక్క పూట కనిపించి వెళ్లిపోయే మిమ్మల్ని మెట్రో ఎక్కించినదాన్ని నేను. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు. మన మధ్య ఉన్న బాకీ ఏమిటో మీకు తెలియాలని చెబుతున్నాను.

ఈ మార్చిలో మీ కోసం మా దుకాణంలో పెద్ద గొడవే జరిగింది. ఒకమ్మాయి తెచ్చిన ఫొటోలో మీరు తెల్లగా, పాదాల దాకా, నడుము దగ్గర ఏ పట్టూ లేకుండా, చేతులు వెడల్పుగా ఉన్నారు. జాకెట్లు తీసుకోవడానికి వచ్చిన ఒక పెద్దామె ఫోన్‌లోకి తొంగి చూసి, "గిదేం డ్రెస్సు బిడ్డా, నైటీ లెక్కున్నది. గిది ఏసుకొని ఆఫీసుకు పోతవా?" అంది. ఆ పిల్ల ముఖం చిన్నబుచ్చుకుంది. "పొద్దున ఎనిమిదికి జీన్స్ ఎక్కిస్తే రాత్రి తొమ్మిదికి విప్పుతానమ్మమ్మా. ఒళ్లంతా పేలిపోతోంది" అంది. అక్కడున్న నలుగురూ రెండు పక్షాలయ్యారు. ఒకరికి అది మర్యాద లేని బట్ట, ఇంకొకరికి ఊపిరాడే బట్ట. మూడో ఆమె ధర విని, ఆ డబ్బుకు ఇంట్లో అందరికీ బట్టలొస్తాయంది.

నేను మీ పక్షం వహించాను, గుర్తుపెట్టుకోండి. మన ఎండకు వదులు బట్టే సరైనదని వాదించాను. ఒంటికీ బట్టకూ మధ్య సందు ఉంటే గాలి ఆడుతుంది, చెమట ఆరుతుంది. మా నాయనమ్మ కట్టిన ముతక నూలు చీర, వదులు రవికె చేసింది ఆ పనే. వేసవి బట్టను లోపలి బట్టతో పోల్చి వెక్కిరించడం కూడా కొత్తేమీ కాదు. మాదాపూర్ నిఫ్ట్‌లో చదివిన మా అమ్మాయి చెప్పింది: 1783లో పారిస్ చిత్రప్రదర్శనలో మరీ ఆంత్వానెత్ రాణి బొమ్మ పెట్టారట. గీసినామె విజే లెబ్రున్. రాణి ఒంటి మీద పలుచని తెల్ల మస్లిన్ గౌను, తల మీద గడ్డి టోపీ. రాణిని లోపలి బట్టల్లో చూపిస్తారా అని జనం మండిపడితే ఆ బొమ్మ తీసేసి, పట్టు గౌనుతో ఇంకొకటి గీయించి పెట్టారట. యూరప్‌లో అప్పట్లో అంత మోజుపడ్డ ఆ పలుచని మస్లిన్ బట్టకు పేరు తెచ్చింది మన ఉపఖండపు నేతగాళ్లే. పెద్దామెకు ఈ కథ చెబితే కాసేపు ఆలోచించి, "అయితే నాక్కూడా ఒకటి కుట్టు, ఇంట్ల ఏసుకుంట" అంది. ఆ రోజు మీ వల్ల నాకు నిజంగా సంతోషం కలిగింది.

ఆ సంతోషాన్ని ఏప్రిల్ దాటనివ్వలేదు మీరు.

ఏప్రిల్ రెండో వారంలో ఒకావిడ అసలు సిసలు మిమ్మల్నే తెచ్చింది. నకలు కాదు, డిజైనర్ పేరున్న గౌను. ఆ పేరు ఇక్కడ రాయను. భుజాలు కొంచెం తగ్గించాలంది. వేసుకున్న అరగంటకే ఒళ్లు మంటలెత్తుతోందని కూడా అంది. కుట్టు విప్పాను. పైన చేత్తో నేసిన చక్కటి నూలు బట్ట, పట్టుకుంటే దూది లాగా ఉంది. దాని కింద మెడ నుంచి మోకాళ్ల దాకా పాలిస్టర్ అస్తరు! కొసన ఒక దారం పీకి అగ్గిపుల్లతో కాల్చి చూశాను. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలుతుంది. ఇది ముడుచుకుని, నల్లగా కరిగి, గట్టి పూసై వేలికి అంటుకుంది.

ఎంత పని చేశారండీ! పత్తి తన బరువులో ఎనిమిది శాతం దాకా గాలిలోని తేమను పట్టుకుంటుంది. పాలిస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. అంటే ఒంటిని తాకే పొర చెమటను ఎక్కడికీ పోనివ్వదు, బయటి పొర ఎంత చల్లని బట్టయినా దాని చల్లదనం లోపలికి రాదు. నేతగాడు బట్టలో గాలి ఉంచాడు. మీరు దానికి తలుపు బిగించారు. అస్తరుకు నూలు వాడితే ఆ గౌనుకు ఎంత ఎక్కువయ్యేది? నాలుగు మీటర్లు వేసుకున్నా, దాని మీద రాసిన ధర ముందు ఆ ఖర్చు లెక్కలోకే రాదు. పలుచని బట్టకు అస్తరు తప్పదని నాకూ తెలుసు. అది మల్‌మల్ అయితే సరిపోయేది.

రెండో సంగతి నాకు ఇంకా దగ్గరిది. నేను పోచంపల్లి పక్క ఊళ్లో పుట్టాను. నాన్న గుంట మగ్గం మీద కూర్చునేవాడు, అమ్మ ఆసు పోసేది. ఆసు అంటే మీకు తెలియాలి. చిట్కి నేతకు, అంటే ఇకత్‌కు, రంగు అద్దే ముందు దారాన్ని అర్ధచంద్రం లాంటి చట్రం మీద మేకుల చుట్టూ తిప్పాలి. ఒక్క చీరకు చెయ్యి తొమ్మిది వేల సార్లు పైకీ కిందికీ ఆడాలి. మా అమ్మ కుడి భుజం నలభై ఏళ్లకే పైకి లేవడం మానేసింది. ఆలేరు దగ్గర చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడే ఆ నొప్పి చూడలేక ఆసు యంత్రం చేశాడు. 1999లో అది పనికొచ్చింది, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మా అమ్మకు మాత్రం ఆ యంత్రం ఆలస్యంగా దొరికింది.

అలాంటి నేతను మీరేం చేశారు? మొన్న ఒకామె మీ కుర్తా ఒకటి తెచ్చింది, ట్యాగు మీద ఇకత్ అని ఉంది. తిరగేసి చూశాను. లోపలి వైపు తెల్లగా ఉంది! చిట్కిలో ముందు పోగుకు రంగు అద్ది, తర్వాత నేస్తారు. అందుకే బట్టకు రెండు వైపులా బొమ్మ ఒకేలా పడుతుంది, అంచులు ఈక కొసల్లా కొంచెం చెదిరి ఉంటాయి. మీరు ఆ చెదిరిన అంచును కూడా యంత్రంతో అచ్చేశారు. పోగులు కట్టేటప్పుడు, నేసేటప్పుడు చేతి పనిలో వచ్చే ఆ చిన్న తేడాను కూడా కాపీ కొట్టారు. పోచంపల్లి ఇకత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరుకు కాపలా దొరికిందే గానీ బొమ్మకు దొరకలేదు. ఆ కుర్తా తెచ్చినామెకు ఈ సంగతి చెప్పలేక చేతులు పొట్టి చేసి ఇచ్చేశాను. ఆ రాత్రి అన్నం సయించలేదు.

మీ గురించి పెద్దవాళ్లు కూడా రెండుగా చీలడం నేను చూస్తూనే ఉన్నాను. 2021 ఆగస్టులో సబ్యసాచి, హెచ్ అండ్ ఎం కలిసి వాండర్‌లస్ట్ అని తేలికపాటి బట్టలు తెస్తే చూస్తుండగానే అమ్ముడైపోయాయి. పేరున్న డిజైనర్ మాకూ అందాడని కొన్నవాళ్లు మురిశారు. చేతివృత్తుల సంఘాలేమో బహిరంగ లేఖ రాశాయి. భారతీయ కళ పేరు చెప్పి అమ్మిన ఆ బట్టల్లో కళాకారుల చేతులు లేవని బాధపడ్డాయి. 2025 జూన్‌లో మిలాన్ నగరంలో ప్రాడా వాళ్లు రాబోయే వేసవి కోసం మగవాళ్ల కలెక్షన్ చూపించినప్పుడు మోడళ్ల కాళ్లకు అచ్చం కొల్హాపురి చెప్పులే ఉన్నాయి. కొల్హాపూర్ పేరు మాత్రం ఎక్కడా లేదు. మన దేశంలో గోల పుట్టాకే అవి భారతీయ చేతిపని స్ఫూర్తితో చేసినవని ఒప్పుకున్నారు. మంచి డిజైన్ ఎక్కడిదైనా అందరిదీ అనేవాళ్ల వాదన కూడా విన్నాను. అందరిదైతే కావచ్చు. ఇంటి పెద్ద పేరు చెరిపేసి ఆ ఇంట్లో అందరూ ఉంటామంటే ఎలా?

మీరంతా ఒకేలాంటివారని నేననను. మన హైదరాబాద్ డిజైనర్ గౌరాంగ్ షా జామ్దానీ నేతను ర్యాంపు ఎక్కించాడు. 'మహానటి' దుస్తులకు ఇంద్రాక్షి పట్నాయక్, అర్చనా రావులతో కలిసి జాతీయ అవార్డు అందుకున్నాడు. ఆ సినిమా వచ్చిన ఏడాది వేసవంతా నేను పాత కాలపు జాకెట్లు కుట్టి కుట్టి అలిసిపోయాను. మా అమ్మానాన్నల్లాంటి వాళ్లు నేసిన బట్టను ఆడపిల్లలు మళ్లీ అడిగి కొన్నారు. ఈ నగరంలోనే ఉజ్రమ్మ గారు మల్ఖా బట్టను నిలబెట్టారు. ఊళ్లలోనే పత్తిని వడికి, ఊళ్లలోనే నేయించే మెత్తటి నూలు అది. ఇవి చూశాకే మిమ్మల్ని నమ్మాను. ఇప్పుడింత గట్టిగా నిలదీస్తున్నదీ ఆ నమ్మకంతోనే.

మీరు గాలిలా తేలిపోయే పలుచదనం అని చెప్పుకునే గుణం ఎక్కడిదో ఎప్పుడైనా ఆలోచించారా? శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఆడవాళ్లు వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి శుభ్రం చేస్తారు. ఆ సన్నని పళ్ల మధ్య నలకలు పోయి, పోగులు పాడవకుండా నిలుస్తాయి. అప్పుడే చరఖా మీద వంద నంబరు దాటిన సన్న నూలు వస్తుంది. గాంధీజీ మెచ్చుకున్న బట్ట అది. మిమ్మల్ని మోసే మోడల్ అడుగులకు చప్పట్లు కొట్టేవారిలో ఎవరికైనా ఆ చేప ఎముక సంగతి చెప్పారా? దేశంలో చేనేత పనివాళ్లు 35 లక్షలకు పైనే ఉన్నారని, వారిలో నూటికి 72 మంది ఆడవాళ్లని 2019–20 చేనేత గణన తేల్చింది. నేసే ఇళ్లలో సగానికి పైగా నెలకు ఐదు వేలు కూడా కళ్లజూడటం లేదని కూడా ఆ గణనే చెప్పింది. మీ ఒక్క గౌను ధరలో అలాంటి నెలలు ఎన్ని ఇమిడిపోతాయో లెక్కేసి చూసుకోండి.

ఇంకా కొన్ని ఉన్నాయి, త్వరగా చెప్పేస్తాను. మీకు జేబులు ఉండవు. ఐడీ కార్డు, ఫోను పట్టుకుని బస్సెక్కే పిల్లకు అది ఎంత కష్టమో మీకు తెలియదు. మీ కొలతలు ఆరడుగుల సన్నని మనిషివి. మా పిల్లల మీద భుజం జారుతుంది, అంచు రోడ్డు ఊడుస్తుంది. లోపల ఖర్చు బట్ట అర అంగుళమైనా వదలరు, తర్వాత వదులు చేసుకుందామంటే దారి ఉండదు. ఉతికే విధానం దగ్గర డ్రై క్లీన్ అని ముక్తసరిగా రాసి వదిలేస్తారు. రోజూ చెమట పట్టే వేసవి బట్టను రోజూ డ్రై క్లీన్‌కు పంపేది ఎవరు?

నా విన్నపం ఏమనగా, ట్యాగు మీద నేసిన ఊరి పేరు రాయించండి. వీలైతే నేసిన మనిషి పేరు కూడా. అచ్చు వేసిన బట్టను అచ్చు బట్ట అనే చెప్పండి, అందులో నామోషీ లేదు, మచిలీపట్నం కలంకారీ కూడా చేతి అచ్చే కదా. అస్తరు నూలుది వేయించండి. ఈ మూడూ చేస్తే మీ మీద నైటీ అన్న మాట పడ్డప్పుడల్లా ఇంకో ఇరవై ఏళ్లు మీ తరఫున వాదిస్తాను.

ఏప్రిల్‌లో వచ్చిన ఆ గౌనుకు నేనే అస్తరు మార్చాను. మంగళగిరి నూలు తెచ్చి, గంజి పోయేలా రెండుసార్లు ఉతికి, నీడలో ఆరబెట్టి, మెడ నుంచి మోకాళ్ల దాకా వేశాను. పక్క కుట్టులో రెండు జేబులు పెట్టాను. ఆవిడ అది వేసుకుని మధ్యాహ్నం ఎండలో ఖాజాగూడ చౌరస్తా నుంచి నడిచి వచ్చింది. ఒక గ్లాసు మజ్జిగ తాగి, ఇంకో రెండు గౌన్లు కుట్టమని చెప్పి వెళ్లింది.

విప్పిన పాలిస్టర్ అస్తరు నా దగ్గరే ఉంది. పారేయలేదు. మడత పెట్టి, కవరులో వేసి, పైన మీ పేరు రాసి పెట్టాను. ఎప్పుడైనా వచ్చి తీసుకెళ్లండి. ఆదివారం తప్ప రోజూ తెరిచే ఉంటాను.

ఇట్లు,
మీ బట్టలు కుట్టే మనిషి,
పెద్ద చెరువు గల్లీ, ఖాజాగూడ