ఎడమ పక్క గీతలు

కుడివైపు నుంచి చూస్తే నన్ను కొత్త బండే అనుకుంటారు. ఎడమవైపుకి రండి, నా వయసు తెలుస్తుంది. ముందు తలుపు నుంచి వెనక చక్రం దాకా గీతలే. కొన్ని గోడలవి, ఒకటి గేదెది, మిగతావన్నీ సైకిళ్ళవి.

నేను మారుతి 800ని. 2008లో గుర్గావ్‌లో పుట్టాను. కొన్నాళ్ళు ఒక లెక్చరర్ గారింట్లో ఎండ తగలకుండా బతికి, తర్వాత బెజవాడలో ఓ డ్రైవింగ్ స్కూలు పాలయ్యాను. ముందూ వెనకా తెల్ల పలక మీద ఎర్ర ఎల్ అక్షరం తగిలించారు. ఆ పలక 18 సెంటీమీటర్ల చదరానికి తగ్గకూడదని రూలు. ఎడమ సీటు ముందు మాస్టారికి విడిగా క్లచ్, బ్రేకు పెట్టారు. అలా నాకు బ్రేకు పెడళ్ళు రెండయ్యాయి. ఎప్పుడు ఎవరి కాలు పడిందో నాకూ మాస్టారికే ఎరుక. "బండి నేనే ఆపాను" అని ఇంటికెళ్ళి చెప్పుకునేవాళ్ళలో సగం మందిని ఆపింది మాస్టారి కాలు.

గీతలన్నీ ఎడమవైపే ఎందుకంటారా? మన కార్లలో స్టీరింగ్ కుడిపక్క. కొత్తవాళ్ళ ప్రాణమంతా అటే, ఎదురొచ్చే బస్సు మీదే ఉంటుంది. బస్సు కనబడగానే చేతులు వాటంతటవే ఎడమకి లాగేస్తాయి. ఎడమన ఉండేది సైకిలాయన. పైగా నేను కుడి అద్దం ఒక్కదానితోనే పుట్టాను. ఎడమది మాస్టారు తర్వాత పెట్టించారు. దాని వెనక ఓ కథ ఉంది.

బందరు కాలవ కట్ట మీద యనమలకుదురు వైపు వెళ్తున్నాం. తెల్లారి ఆరు. స్టీరింగ్ దగ్గర ఇంజినీరింగ్ కుర్రాడు. ముందు ఒక పెద్దాయన సైకిలు మీద, క్యారియర్‌కి రెండు పక్కలా పాల క్యాన్లు. కుర్రాడు హారన్ కొట్టాడు, సరిగ్గా ఆయన వీపు వెనక్కి వచ్చాక. పెద్దాయన ఉలిక్కిపడి కుడి భుజం మీదుగా వెనక్కి చూశాడు. తల ఎటు తిరిగితే హ్యాండిల్ కూడా అటే వస్తుంది. మాస్టారి కాలు బ్రేకు మీద పడేలోపే క్యాను నా తలుపుని గీరేసింది, సైకిలు పడింది. పెద్దాయన లేచాక మోకాలు చూసుకోలేదు, క్యాను మూత చూసుకున్నాడు. పాలు తారు మీద పారి నా ముందు చక్రం కిందికి వచ్చాయి. అప్పుడే పిండిన పాలు కాబోలు, ఇంకా వెచ్చగానే ఉన్నాయి.

"హారన్ కొట్టాను కదండీ," అన్నాడు కుర్రాడు.

ఈ మాట నేను లెక్కలేనన్ని సార్లు విన్నాను. హారన్ కొట్టేస్తే ఇక దారి తమ పేర రాసిచ్చినట్టే అనుకుంటారు. కొట్టాలంటే దూరం నుంచి ఒక్కసారి, మెల్లగా కొట్టాలి. మాస్టారు పాల డబ్బులిచ్చి పంపారు, కుర్రాణ్ణి పల్లెత్తు మాట అనలేదు. మర్నాడు నాకు ఎడమ అద్దం వచ్చింది. మాస్టారి పాఠమూ మారింది.

ఆ కొత్త పాఠం మొదట దక్కింది టైలరింగ్ షాపు నడిపే ఒకావిడకి. మూడో రోజున మాస్టారు ఆవిడని కట్ట మీద దింపి, టీ కొట్టాయన సైకిలు అడిగి తెచ్చి ఆవిడ చేతికిచ్చారు. "ఎక్కక్కర్లేదమ్మా, రోడ్డంచున పట్టుకుని నిలబడండి చాలు." ఆ తర్వాత నన్ను ఆయనే నడిపారు. ముప్ఫై స్పీడులో, అంటే సెకనుకి ఎనిమిది మీటర్ల పైనే, ఆవిడ పక్కనుంచి మూరెడు ఎడంలో దూసుకెళ్ళాను. చున్నీ ఎగిరి నా అద్దం దాకా వచ్చింది. సైకిలు హ్యాండిల్ ఆవిడ చేతుల్లో గడగడలాడింది. తిరిగొచ్చి మళ్ళీ వెళ్ళాం, ఈసారి బారెడు ఎడంలో. చున్నీ కదిలిందంతే.

"ఇందాక నా మీదికే తెచ్చేశారనుకున్నానండీ."

"స్టీరింగ్ తిప్పనే లేదమ్మా. మూరెడు ఖాళీ ఉంది. లోపల కూర్చుంటే అది బోలెడు జాగాలా కనిపిస్తుంది. అందుకే బారెడు వదలండి, చేతులు రెండూ చాపినంత. అంత జాగా దొరక్కపోతే వెనకే ఉండండి, సెకండ్ గేర్లో."

ఆ మధ్య మాస్టారి దగ్గర నేర్చుకుని బ్రిటన్ వెళ్ళిన అమ్మాయి ఒకతి ఫోన్ చేసింది. సైకిలుని దాటేటప్పుడు గంటకు 30 మైళ్ళ వేగం వరకు కనీసం 1.5 మీటర్లు వదలాలని అక్కడి హైవే కోడ్‌లో ఉందట. "మన బారెడు కంటే తక్కువేనే!" అని మాస్టారు రోజంతా మురిసిపోయారు.

ఆయన ఇంకో మాట అంటుంటారు: "సైకిలుని చూడకండి, కాళ్ళని చూడండి." తొక్కుడు ఆగిందంటే ముందు గుంతైనా ఉండాలి, సైకిలాయన తిరగబోతూ అయినా ఉండాలి. సైకిళ్ళ మీద బడికెళ్ళే ఆడపిల్లలు కబుర్లాడుకుంటూ జంటలుగా వస్తుంటే ఆ జట్టంతా ఒక్క బండే అనుకోమంటారు. సైకిలుని దాటీ దాటగానే దాని ముందు నుంచి ఎడమకి తిరిగితే మాత్రం మాస్టారికి ఒళ్ళు మండుతుంది. బండి దిగేటప్పుడు తలుపుని దగ్గరి చేత్తో తీయనివ్వరు. డ్రైవరు ఎడం చేత్తో తీయాలి. అప్పుడు ఒళ్ళు తిరుగుతుంది, వెనకొచ్చేవాళ్ళు కంటబడతారు.

ఇవేవీ పరీక్షలో అడగగా నేను చూడలేదు. ఎల్లెల్లార్ వచ్చిన 30 రోజులు దాటాక బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారి ముందుకి ఎంతోమందిని తీసుకెళ్ళాను. నేను తిరిగిన ట్రాకుల మీద ఒక్క సైకిలూ ఎదురవ్వలేదు.

టైలరింగ్ ఆవిడ పదో పాఠం నాడు అదే కట్ట మీద అదే పాలాయన కనిపించాడు. ఎదురుగా వరసగా బళ్ళు. ఆవిడ సెకండ్ గేర్లోకి దిగి ఆయన వెనకే ఉండిపోయింది. మా వెనక ఓ పెద్ద కారు ఒకటే హారన్. ఆవిడ చేతి చెమట నా స్టీరింగ్‌కి తెలుస్తోంది. మాస్టారు ఏమీ పట్టనట్టు కాలవ నీళ్ళ వంక చూస్తున్నారు. ఇంతలో పాలాయన తొక్కడం ఆపాడు. ఆవిడ కాలు అప్పటికే యాక్సిలరేటర్ మీద నుంచి లేచింది. ఆయన గుంత తప్పించుకుని మళ్ళీ అంచుకి వెళ్ళాడు. ఎదురు రోడ్డు ఖాళీ అయ్యాక ఆవిడ ఇండికేటర్ వేసి బారెడు, ఇంకో మూర ఎక్కువే వదిలి దాటింది. ఎడమ అద్దంలో పాలాయన చిన్నగా అయిపోయేదాకా ఆగి అప్పుడు అంచుకొచ్చింది.

ఆ రోజు మాస్టారి బ్రేకు ఒక్కసారే పడింది. అదీ ఆ కంగారులో ఆవిడ ఆగాల్సిన టీ కొట్టు దాటించేస్తుంటే.